ఫోర్డ్ ఎఫ్-250 పికప్ బెడ్డులో ఫ్యాక్టరీ రంధ్రాలున్నాయి, గూస్‌నెక్‌కి ఏం కొనాలి?

టెక్సాస్_తెలుగోడు:
సెకండ్‌హ్యాండ్ ఎఫ్-250, పెట్రోల్ ఇంజిన్, 6¾ అడుగుల బెడ్డు (వెనక సరుకు తొట్టి). బెడ్డు మధ్యలో ఒకటి, దాని చుట్టూ నాలుగు రంధ్రాలు, మూతలతో ఉన్నాయి. బంపర్ కింద రిసీవర్ (మామూలు ట్రైలర్ తగిలించే చదరపు గొట్టం) కూడా ఉంది. 14,000 పౌండ్ల రేటింగున్న 20 అడుగుల గూస్‌నెక్ ట్రైలర్ (మెడ బెడ్డు మీదుగా వచ్చి మధ్యలోని బాల్‌కి తగిలేది) లాగాలి. రిసీవర్‌కి అడాప్టర్ పెట్టనా, బెడ్డుకి డ్రిల్లింగ్ చేయించనా? డోర్ స్టిక్కర్‌లో పేలోడ్ (ట్రక్కు మోయగల బరువు) 3,050 పౌండ్లు.

ఇరుసు:
రెండూ వద్దు. గూస్‌నెక్ బరువు వెనక యాక్సిల్ మీదో, రెండు మూడంగుళాలు ముందో పడాలి. రిసీవర్ యాక్సిల్‌కి బాగా వెనక ఉంటుంది. అంత బరువు అక్కడ దించితే ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగ్ పట్టు పోతుంది. ఆ ఐదు రంధ్రాలున్నాయంటే కింద క్రాస్‌మెంబర్ (బరువు మోసే అడ్డ దూలం) ఫ్యాక్టరీలోనే బిగించి వచ్చినట్టే. మీ మోడల్ ఏడాదికి సరిపోయే 2-5/16 అంగుళాల ఓఈఎమ్ (ఫోర్డ్ సొంత) బాల్ కిట్ కొనండి, చైన్ కొక్కేలు రెండు అందులోనే వస్తాయి. రామ్, జీఎం ట్రక్కుల కిట్లు చవగ్గా దొరికాయని తేవద్దు. ట్రైలర్ కప్లర్ (బాల్‌ని పట్టుకునే భాగం) మీద ముద్రించిన సైజు కూడా చూసుకోండి, కొన్ని 3 అంగుళాలవీ ఉంటాయి.

గ్రీజుచేతులు:
బాల్ దించాక పిడి పూర్తిగా తిరగకపోతే సుత్తి తీయకండి. నూటికి తొంభైసార్లు అది మధ్య రంధ్రంలో చేరిన మట్టీ తుప్పే. వైర్‌బ్రష్‌తో గీకి, బాల్ కాడకి పల్చగా గ్రీజు రాసి మళ్ళీ దించండి. లాక్ పడ్డాక పైకి లాగి చూడండి. కొక్కేలు చుట్టూ ఉన్న పక్ రంధ్రాల్లో పెట్టి చైన్లు వాటికే తగిలించండి. బ్రేక్‌అవే కేబుల్‌ని (ట్రైలర్ ఊడిపోతే దాని బ్రేకులు వేసేది) మాత్రం చైన్‌కి కట్టొద్దు, ట్రక్కుకే విడిగా తగిలించాలి. బెడ్డులో 7-పిన్ సాకెట్ (ట్రైలర్ లైట్లు, బ్రేకుల కరెంటుకి) లేకపోతే బంపర్ దగ్గరి సాకెట్‌ నుంచి వై-హార్నెస్‌తో (రెండుగా చీలే వైరు) తెచ్చుకోవచ్చు, వైర్లు కోసే పని లేదు.

ట్రైలర్ మెడకీ బెడ్డు అంచుకీ మధ్య ఆరంగుళాల ఖాళీ ఉంచండి. లేకపోతే గుంతలో దిగినప్పుడు అంచు నొక్కుకుపోతుంది.

ఇరుసు:
అసలు చూడాల్సింది ఆ 3,050. ఇద్దరు మనుషులు, బాల్, కొక్కేలు కలిపి 400 పోతే మిగిలేది 2,650. గూస్‌నెక్ బరువులో 20–25 శాతం బాల్ మీద పడుతుంది. 25 లెక్కన మీకు ట్రైలరూ సరుకూ కలిపి 10,600 దాటకూడదు. ఖాళీ ట్రైలరే 5,000 ఉంటే సరుకు 5,600. ట్రైలర్ రేటింగ్ 14,000 అయినా మీ ట్రక్కు మోసేది అంతే.

టెక్సాస్_తెలుగోడు:
థాంక్సండీ. టెయిల్‌గేట్ తీసేయాలా?

గ్రీజుచేతులు:
అక్కర్లేదు. తగిలించేటప్పుడూ విడిచేటప్పుడూ దించి ఉంచండి చాలు. విడిచాక కప్లర్ బాల్ పైకి పూర్తిగా లేచిందో లేదో దిగి చూసి, అప్పుడే ట్రక్కు ముందుకు కదపండి. టెయిల్‌గేట్‌లు ఎక్కువగా సొట్టపడేది అక్కడే.