అమెరికా ప్రభుత్వ వ్యవస్థను చూపే చిత్రాలు ఏవి?

ప్రశ్న (అమలాపురం నుంచి):
నేను ఒక జూనియర్ కళాశాలలో పౌరశాస్త్రం బోధిస్తున్నాను. అమెరికా ప్రభుత్వంపై గోడ ప్రదర్శనకు చిత్రాలు తెమ్మంటే విద్యార్థులందరూ స్వేచ్ఛా విగ్రహాన్నీ శ్వేతసౌధాన్నీ మాత్రమే తెచ్చారు. వాటిని చూస్తే ఆ దేశంలో ఒక దేవత, ఒక రాజు తప్ప మరెవరూ లేరనిపిస్తుంది. అధికార విభజనను, చట్టబద్ధ పాలనను, సమాఖ్య విధానాన్ని చూపగల చిత్రాలను పెద్దలు సూచించగలరా?

జవాబు (రాజమహేంద్రవరం, విశ్రాంత అధ్యాపకుడు):
అమ్మా, అధికార విభజనకు చిహ్నం కంటె ఛాయాచిత్రమే మేలు. అధ్యక్షుడు కాంగ్రెసు (అక్కడి పార్లమెంటు) ఉభయ సభల ఎదుట చేసే వార్షిక ప్రసంగ దృశ్యాన్ని తీసుకోండి. మాట్లాడేది అధ్యక్షుడే అయినా, ఆ సభలో ఆయన ఆహ్వానంపై వచ్చిన అతిథి మాత్రమే. ఆయన వెనుక ఎత్తైన పీఠంపై ప్రతినిధుల సభ స్పీకరూ, సెనేటుకు అధ్యక్షత వహించే ఉపాధ్యక్షుడూ కూర్చుంటే, ఎదుట నల్లని అంగీలు ధరించిన సుప్రీంకోర్టు న్యాయమూర్తులు, ఏ పక్షానికీ మొగ్గినట్లు కనిపించకూడదని, సాధారణంగా చప్పట్లు కొట్టకుండా ఉంటారు. మన రాష్ట్రపతి పార్లమెంటులో చదివేది మంత్రివర్గం ఆమోదించిన ప్రసంగం. అక్కడి అధ్యక్షుడిది సొంత ప్రసంగమే గాని, ఆయన కోరిన చట్టం చేయాలన్న నిర్బంధం ఆ సభకు లేదు.

అదే చిత్రంలో జెండాకు ఇరువైపులా గోడపై కంచు కడ్డీల కట్టలు కనిపిస్తాయి. అవి ప్రాచీన రోము అధికార చిహ్నాలు. ఈనె విరిగినా చీపురుకట్ట విరగదని కోనసీమ పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. అయితే ఇటలీ నియంత ముసోలినీ ఫాసిస్టు పార్టీ కూడా ఆ గుర్తునే వాడుకుంది కనుక, ఆ ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంచుకోండి.

చట్టబద్ధ పాలనకు 1935లో పూర్తయిన సుప్రీంకోర్టు భవన ముఖద్వారం, దానిపై చెక్కిన ‘చట్టం కింద సమాన న్యాయం’ అన్న మాటలు చాలును.

జవాబు (భీమవరం నుంచి):
స్వేచ్ఛా విగ్రహాన్ని తీసివేయకండి. దాని పక్కన కాంగ్రెసు సమావేశమయ్యే కాపిటల్ భవనం గుమ్మటంపై ఉన్న మరో స్వేచ్ఛామూర్తిని పెట్టండి. తొలి నమూనాలలో ఒకదానిలో ఆ మూర్తి తలపై, రోములో విముక్తి పొందిన బానిసలు ధరించే టోపీ ఉండగా, నాటి యుద్ధ కార్యదర్శి జెఫర్సన్ డేవిస్ అభ్యంతరం చెప్పడంతో దాని స్థానంలో శిరస్త్రాణం వచ్చింది. ఆయనే తరువాత బానిసత్వం కోసం విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలకు అధ్యక్షుడయ్యాడు. ఆ కంచు విగ్రహం పోతపనిలో ఫిలిప్ రీడ్ అనే బానిస పనిచేశాడు. 1863 డిసెంబరులో అది గుమ్మటం ఎక్కేనాటికి అతడు స్వతంత్రుడు. ఆదర్శానికీ ఆచరణకూ మధ్య దూరాన్ని ఇంత సూటిగా చూపే చిత్రం నాకు మరొకటి తోచదు.

ప్రశ్న వేసినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మరి సమాఖ్య విధానానికి?

జవాబు (రాజమహేంద్రవరం):
రెండు జెండాలు పక్కపక్కన పెట్టండి. కొత్త రాష్ట్రాలు చేరడంతో 1795లో జెండాకు 15 చారలు, 15 నక్షత్రాలు వచ్చాయి. రాష్ట్రానికో చార చొప్పున పెంచుకుంటూ పోవడం సాధ్యం కాదని 1818 చట్టం చారలను తొలి రాష్ట్రాల గుర్తుగా 13కు తగ్గించి, నక్షత్రాలను మాత్రం రాష్ట్రానికొకటిగా ఉంచింది. నేటి 50 నక్షత్రాలలో మొదట చేరిన రాష్ట్రానిదీ, చివర చేరిన హవాయిదీ ఒకే పరిమాణం. సెనేటులో కూడా చిన్నా పెద్దా భేదం లేకుండా రాష్ట్రానికి రెండేసి స్థానాలే.