రైలు దిగి మళ్ళీ రైలెక్కేలోపు పాతబస్తీ: పెద్దవాళ్ళతో ఏది ముందు చూడాలి, భోజనం ఎక్కడ చేయాలి?

ప్రశ్న: గోదావరి గట్టు

అందరికీ నమస్కారం. మేము రాజమహేంద్రవరంలో ఉంటాము. నవంబరులో ఒక గురువారం రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, శుక్రవారం ఉదయం సికింద్రాబాదులో దిగి, పగలంతా హైదరాబాదు చూసి, ఆ రాత్రి రైలుకే తిరిగి రావాలని అనుకుంటున్నాము. బస చేసే ఉద్దేశం లేదు. మామయ్యగారు, అత్తయ్యగారు, మావారు, పదకొండేళ్ళ మా అబ్బాయి, నేను, మొత్తం ఐదుగురం. అత్తయ్యగారికి 68 ఏళ్ళు. సమంగా ఉన్న నేల మీద ఎంత దూరమైనా నెమ్మదిగా నడుస్తారు గానీ, మోకాళ్ళ నొప్పుల వలన మెట్లు ఎక్కలేరు. పైగా మాంసం వండే వంటింట్లో చేసిన పదార్థం ఏదీ తినరు. మావారూ అబ్బాయీ మాత్రం బిరియానీ తినకుండా వస్తే హైదరాబాదు వెళ్ళినట్టే కాదని ఇప్పటి నుంచే పట్టుబట్టి కూర్చున్నారు.

చార్మినార్, మక్కా మసీదు, చౌమహల్లా ప్యాలెస్, సాలార్ జంగ్ మ్యూజియం, గోల్కొండ కోట, కుతుబ్ షాహీ సమాధులు అని ఒక కాగితం మీద రాసుకున్నాము. ఇవన్నీ ఒక్క రోజులో చూడటం వీలవుతుందా? ఏ వరుసలో వెళితే అటూ ఇటూ తిరగవలసిన పని తప్పుతుంది? అందరూ తినగలిగే భోజనం దగ్గరలో ఎక్కడ దొరుకుతుంది? తిరిగిన అనుభవం ఉన్నవారు చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

జవాబు: పత్తర్‌గట్టి పాతకాపు

మీ కాగితంలో అన్నిటికన్నా ముందు మార్చవలసినది వారం. చౌమహల్లా ప్యాలెస్, సాలార్ జంగ్ మ్యూజియం రెండింటికీ శుక్రవారమే సెలవు. అదే రోజు మధ్యాహ్నం మక్కా మసీదులో సామూహిక ప్రార్థన జరుగుతుంది గనుక చార్మినార్ చుట్టూ జనం కిక్కిరిసి ఉంటారు. ఒక్క రోజు వెనక్కి జరిపి శనివారం చేరుకునేలా టికెట్లు తీసుకోండి. ఆదివారమైతే అన్నీ తెరిచే ఉంటాయి గానీ, నగరమంతా అక్కడే ఉంటుంది.

రెండవది, గోల్కొండనూ సమాధులనూ ఈ ప్రయాణం నుంచి తీసివేయండి. చార్మినార్ దగ్గర నుంచి కోటకు పది కిలోమీటర్ల పైమాటే. ట్రాఫిక్‌లో పోను రాను పట్టే సమయం మీ పగటిలో పెద్ద ముక్కనే కొరికేస్తుంది. కోట పైకి మూడు వందలకు మించి మెట్లున్నాయి కాబట్టి అత్తగారు కిందనే కూర్చోవలసి వస్తుంది.

మిగిలిన నాలుగూ ఒకే దారి మీద వరుసగా ఉన్నాయి. నయాపూల్ వంతెన దాటి దక్షిణానికి వస్తే మొదట మదీనా కూడలి, తరువాత రాతి కమానుల దుకాణాలున్న పత్తర్‌గట్టి, ఆపైన చార్ కమాన్, గుల్జార్ హౌజ్, వాటికి ఎదురుగా చార్మినార్, పక్కనే మక్కా మసీదు వస్తాయి. చార్మినార్ నుంచి పడమటికి తిరిగితే లాడ్ బజార్, అక్కడి నుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరంలోనే చౌమహల్లా. మ్యూజియం మాత్రం నయాపూల్ దగ్గర, మూసీ ఒడ్డున ఉంది. కాబట్టి దూరంగా ఉన్న చార్మినార్‌తో మొదలుపెట్టి, నది వైపు వెనక్కి వచ్చేయడం మేలు.

సామాను సికింద్రాబాదు స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టేయండి. తాళం వేయని సంచిని తీసుకోరు, కనుక చిన్న తాళాలు ఇంటి దగ్గరే సర్దుకోండి. సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్ దగ్గర ఆకుపచ్చ లైనుకు మారి, మహాత్మా గాంధీ బస్ స్టేషన్ దగ్గర దిగండి. మెట్రో అక్కడి నుంచి చార్మినార్ దాకా ఇంకా వెళ్ళదు, ఆటో తీసుకోవాలి. ఆటో నయాపూల్ దాటుతున్నప్పుడు కుడివైపు చూడమని మీ మామగారికి చెప్పండి. నదికి ఇవతల ఉస్మానియా ఆసుపత్రి, అవతల హైకోర్టు కనిపిస్తాయి. 1908 నాటి మూసీ వరద తరువాత నగరాన్ని తిరిగి తీర్చిదిద్దిన కాలంలో లేచిన కట్టడాలవి.

ఎనిమిదిన్నరకల్లా చార్మినార్ చేరితే దాన్ని జనం లేకుండా చూడగలుగుతారు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా తన కొత్త నగరానికి నడిబొడ్డుగా కట్టించిన ఈ కట్టడాన్ని చూడటానికి అదే సరైన వేళ. పదకొండు గంటలకు అది తోపుడు బండ్ల మధ్య మునిగిపోతుంది. లోపలి మెట్లు ఇరుకుగా, చుట్లు తిరుగుతూ ఉంటాయి. మీ అబ్బాయి, మీవారు ఎక్కితే చాలు. పదింటికి చౌమహల్లా తెరుస్తారు. ఇక్కడ నడక అంతా తోటల మధ్య సమంగా ఉంటుంది. ఖిల్వత్ ముబారక్ అనే దర్బారు మందిరంలో పందొమ్మిది బెల్జియం గాజు షాండ్లియర్లు వేలాడుతుంటాయి. దర్బారులోకి అడుగు పెట్టగానే తల ఎత్తి చూడటం కన్నా, ఒక మూల నిలబడి చలువరాతి నేల మీద పడే వాటి వెలుగును చూడటం నాకు ఎక్కువ ఇష్టం. వెనుక పాత కార్లున్నాయి, పిల్లవాడికి అవి చాలు.

ఆ తరువాత ఎలాగైనా పన్నెండు లోపు సాలార్ జంగ్ చేరండి. అక్కడ ఒక సంగీత గడియారం ఉంది. గంట పూర్తి కాబోయే ముందు దానిలోంచి ఒక బుల్లి గడ్డపు మనిషి బయటకు వచ్చి, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు గంట మీద కొట్టి లోపలికి వెళ్ళిపోతాడు. పన్నెండుకు వెళ్ళినవారికి పన్నెండు దెబ్బలు దక్కుతాయి. ఒంటిగంటకు వెళ్ళినవారి సంగతి మీరే ఊహించుకోండి. మొదటి సాలార్ జంగ్ 1876లో రోమ్‌లో కొన్న ‘ముసుగు రెబెకా’ పాలరాతి శిల్పాన్ని తప్పక చూడండి. ముఖం మీది ముసుగు రాయే, కింది ముఖమూ రాయే, అయినా ఒకదాని లోంచి మరొకటి కనిపిస్తుంది. గ్యాలరీలు నలభైకి దగ్గరగా ఉన్నాయి. అన్నీ చూడాలని పెట్టుకోకండి. అత్తగారి కోసం చక్రాల కుర్చీ అడగడానికి మొహమాటపడవద్దు.

జవాబు: ఇరానీ చాయ్

పై మిత్రులు భోజనం ఊసు ఎత్తలేదు గనుక ఆ భాగం నేను చెబుతాను.

ఉదయం ఫలహారానికి గుల్జార్ హౌజ్ దగ్గర గోవింద్ దోశ బండికి వెళ్ళండి. పూర్తిగా శాకాహారం. పెనం మీద దోశ పోసి, దానిపై ఉప్మా, కారం, వెన్న వేసి గరిటెతో మెదుపుతారు. ఆ వెన్న చూసి మీ అత్తగారు ‘కొంచెం తగ్గించు నాయనా’ అంటే తగ్గిస్తారు. నిలబడి తినాలి, మధ్యాహ్నానికి సర్దేస్తారు, కనుక దీన్ని ఉదయానికే పెట్టుకోవాలి. తరువాత చార్మినార్ పక్కనే ఉన్న నిమ్రా కేఫ్‌లో టీ తాగండి. ఇరానీ టీలో డికాక్షన్ వేరుగా సన్నని సెగ మీద మరుగుతుంటుంది, చిక్కగా కాగిన పాలు వేరుగా ఉంటాయి, కప్పులో పోసేటప్పుడే రెండూ కలుస్తాయి. తీపితో పాటు కొంచెం ఉప్పు తగిలే ఉస్మానియా బిస్కట్టు దానికి జత. అయితే అది బేకరీ కూడా కాబట్టి, మీ అత్తగారి నియమానికి టీ ఒక్కటే సరిపోతుందేమో చూసుకోండి.

మధ్యాహ్నం ఎవరి దారి వారు చూసుకోవడం నాకు నచ్చదు. మ్యూజియం నుంచి అందరూ కలిసి ఆబిడ్స్‌లోని తాజ్ మహల్ హోటల్‌కు వెళ్ళండి. 1948 నుంచి నడుస్తున్న శాకాహార హోటల్ అది. మామయ్యగారికి భోజనం, అబ్బాయికి టిఫిన్, ఎవరికి కావలసింది వారికి దొరుకుతుంది. అక్కడికి దగ్గరలోనే మొజంజాహీ మార్కెట్ ఉంది. 1935లో కట్టిన ఆ రాతి మార్కెట్ ఆవరణలోని ఫేమస్ ఐస్‌క్రీమ్‌లో ఏ కాలంలో ఏ పండు వస్తే ఆ పండుతో ఐస్‌క్రీమ్ చేస్తారు. నవంబరు మొదట్లో వెళితే సీతాఫలం ఇంకా దొరకవచ్చు.

బిరియానీని రాత్రికి ఉంచండి. మదీనా దగ్గరి షాదాబ్ బిరియానీ నాకు ప్రాణమే గానీ, మధ్యాహ్నం అక్కడ చోటు దొరకడానికి నిలబడాలి, తిన్నాక మ్యూజియంలో నడవడం మాట దేవుడెరుగు. సికింద్రాబాదు స్టేషన్‌కు ఎదురుగానే ఆల్ఫా హోటల్ ఉంది. పెద్దవాళ్ళను స్టేషన్‌లో కూర్చోబెట్టి తండ్రీ కొడుకులు అక్కడ కానిచ్చేయవచ్చు. పిల్లవాడు హలీం కూడా కావాలంటే మాత్రం రంజాన్ నెలలో మళ్ళీ రమ్మనండి, దాని రుచి ఆ నెలలోనే.

జవాబు: కోట గోడ

ఇద్దరి సలహాలూ బాగున్నాయి గానీ, తెలుగువాళ్ళు హైదరాబాదు వచ్చి గోల్కొండ చూడకుండా వెళ్ళడం నాకు మింగుడుపడదు. భద్రాచలం గుడి కోసం ఖజానా సొమ్ము ఖర్చుపెట్టిన పాల్వంచ తహశీల్దారు కంచర్ల గోపన్నను, అంటే మన రామదాసును, తానీషా కాలంలో బంధించిన చెరసాల అక్కడే ఉంది. గోడ మీద ఆయన చెక్కాడని చెప్పే సీతారామలక్ష్మణుల బొమ్మలు చూస్తే గోదావరి జిల్లాల మనిషికి కలిగే అనుభూతి, ఏ షాండ్లియర్ చూసినా కలగదు. బాలాహిస్సార్ ద్వారం కింద చప్పట్లు కొడితే కొండ పైన వినిపిస్తుందన్నది పిల్లలకు పుస్తకంలో చెబితే అర్థమయ్యేది కాదు.

మెట్లంటారా, ఆవిడను సమాధుల దగ్గర కూర్చోబెట్టండి. అది కోటకు చాలా దగ్గర. విశాలమైన తోట, చదునైన నేల, నీడ. ఇంకొక విశేషం, కుతుబ్ షాహీ రాజులందరిలో అక్కడ సమాధి లేనివాడు ఆ తానీషా ఒక్కడే. 1687లో ఔరంగజేబు సేనలు కోటను పట్టుకున్నాక, ఆయన దౌలతాబాదులో బందీగానే చనిపోయాడు. రామదాసును చెరలో పెట్టిన రాజుకు చివరికి చెరే మిగిలింది.

జవాబు: పత్తర్‌గట్టి పాతకాపు

కోట గురించి మీరన్నదానిలో ఒక్క అక్షరం కాదనను. అయితే రామదాసు చెరసాల కూడా మెట్ల దారిలోనే ఉంది కదా. అది చూడాలని అందరికన్నా ఎక్కువగా ఆశపడేది ఆ అత్తగారే అయి ఉంటారు, ఆవిడను తోటలో విడిచిపెట్టి మిగిలినవాళ్ళు చూసి రావడం ఏం బాగుంటుంది? కోటకూ సమాధులకూ కలిపి వేరే ప్రయాణం పెట్టుకోవాలి. ఆ సాయంత్రం ఉండి, చీకటి పడ్డాక కోటలో జరిగే సౌండ్ అండ్ లైట్ ప్రదర్శన చూడాలి. తెలుగు ప్రదర్శన ఏ రోజున్నదో ముందుగా కనుక్కుని, దోమల కోసం నిండు చేతుల చొక్కా వేసుకుని వెళ్ళాలి. రెండింటినీ ఒకే పగటిలో కుక్కితే, రెండింటిలోనూ గుర్తుండేది ఆటో వెనుక సీటే.

జవాబు: గోదావరి గట్టు

సలహాలిచ్చిన ముగ్గురికీ కృతజ్ఞతలు. శనివారానికి మార్చుకుని వెళ్ళి వచ్చాము. ఇదే దారిలో వెళ్ళదలచినవారికి పనికివస్తుందని జరిగినది రాస్తున్నాను.

రైలు గంటకు పైగా ఆలస్యమైంది. ఎనిమిదిన్నరకు చార్మినార్ దగ్గర ఉండవలసినవాళ్ళం, తొమ్మిదిన్నరకు చేరాము. దోశ దొరికింది. అత్తయ్యగారు వెన్న తగ్గించమనలేదు, రెండవ దోశ అడిగారు. మావారూ అబ్బాయీ చార్మినార్ ఎక్కుతుండగా మేము ముగ్గురం టీ తాగాము. చౌమహల్లాలో అనుకున్నదానికన్నా ఎక్కువసేపే ఉండిపోయాము, ఎందుకంటే మామయ్యగారు ప్రతి కారు ముందూ ఆగి దాని చక్రాలను వంగి మరీ చూశారు.

అసలు ఆలస్యం లాడ్ బజార్‌లో జరిగింది. ఇక్కడి లక్క గాజులకు 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిందని విని, ఒక జత తీసుకుందామని ఆగాము. అత్తయ్యగారికి నచ్చిన జత చేతికి పట్టలేదు. దుకాణంలోని పెద్దాయన ఆ గాజును చిన్న బొగ్గుల కుంపటి సెగ మీద తిప్పుతూ, లక్క మెత్తబడగానే కొయ్య అచ్చుకు తొడిగి కొద్దికొద్దిగా సాగదీశాడు. ఊడి వచ్చిన రెండు అద్దపు రాళ్ళను మొనదేలిన చువ్వతో ఎత్తి మళ్ళీ వాటి గుంటల్లో నొక్కాడు. వేడి తగ్గేదాకా ఇవ్వనన్నాడు. అది చూస్తూ అరగంట నిలబడిపోయాము.

ఫలితంగా మ్యూజియంలో గడియారం ముందుకు చేరేసరికి పన్నెండు దాటి పది నిమిషాలైంది. రెబెకాను చూసి, దంతపు వస్తువులు చూసి, ఒంటిగంటకు మళ్ళీ వచ్చి కూర్చున్నాము. గడ్డపు మనిషి వచ్చాడు, ఒక్క దెబ్బ కొట్టాడు, వెళ్ళిపోయాడు. ‘అంతేనా’ అని మావాడు గట్టిగానే అన్నాడు. పక్కన మరొక బుల్లి కమ్మరి ఒక్కొక్క సెకనుకూ సుత్తి దెబ్బ వేస్తూనే ఉన్నాడని మామయ్యగారు చూపించాక గానీ వాడి ముఖం విప్పారలేదు. చక్రాల కుర్చీ దొరికింది. దాన్ని తొయ్యడానికి వాడే ముందుకు వచ్చాడు.

ఆబిడ్స్‌లో భోజనం రెండున్నరకు అయింది. సీతాఫలం ఐస్‌క్రీమ్ దొరికింది. మొజంజాహీ మార్కెట్ దగ్గర కూర్చున్నవాళ్ళం లేవడానికి ఎవరికీ మనసు రాక, స్టేషన్‌కు చేరేటప్పటికి బిరియానీ హోటల్లో కూర్చుని తినేంత వ్యవధి లేకపోయింది. మావారు పొట్లం కట్టించుకుని వచ్చారు. ఖాజీపేట దాటక ముందే దాన్ని విప్పితే పెట్టె అంతా మసాలా వాసన కమ్ముకుంది. అత్తయ్యగారు కొత్త గాజులు గలగలలాడిస్తూ పైట కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని అటు తిరిగి పడుకుని, ‘ఈసారి రామదాసు చెరసాల దాకా నన్ను కుర్చీలో మోసుకెళ్ళే మనుషులు దొరుకుతారేమో ఆ మిత్రులను అడుగమ్మా’ అన్నారు. కాబట్టి అడుగుతున్నాను, దొరుకుతారా?