పన్నెండేళ్ళ లోపు పిల్లల సాకర్ కోసం ఊళ్ళు దాటి వెళ్ళడం సమంజసమేనా?

ఫ్రిస్కో తండ్రి:

మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు. గత ఆగస్టు నుంచి ఇక్కడ, టెక్సస్‌లో డాలస్ దగ్గర, ఒక సెలెక్ట్ జట్టులో (పరీక్షించి ఎంపిక చేసుకొనే క్లబ్బు జట్టు), అండర్ 10 విభాగంలో ఆడుతున్నాడు. ఆట మీద వాడికున్న ఇష్టం గురించి నాకు ఏ సందేహమూ లేదు. బడి నుంచి రాగానే పుస్తకాల సంచి గుమ్మంలోనే వదిలేసి బంతి పట్టుకొని పెరట్లోకి పరుగెత్తుతాడు. అయితే వచ్చే సీజన్‌కు కోచ్ పంపిన జాబితాలో ఐదు టోర్నమెంట్లు ఉంటే, వాటిలో మూడు హ్యూస్టన్, ఆస్టిన్, శాన్ ఆంటోనియోలలో జరుగుతాయి. సంతకం పెట్టే ముందు ఇక్కడి తల్లిదండ్రుల అభిప్రాయం తెలుసుకోవాలనుకున్నాను. ఈ వయసు పిల్లల ఆట కోసం కుటుంబమంతా ఇంత దూరాలు వెళ్ళవలసిన అవసరం ఉందా? నా మట్టుకు నాకు లేదనే అనిపిస్తోంది.

అండర్ 10లో ఒక్కో వైపు ఏడుగురు ఆడతారు, ఆట 25 నిమిషాల చొప్పున రెండు భాగాలు. టోర్నమెంటుకు వెళితే మూడు ఆటలు ఖాయం. పన్నెండు మంది ఉన్న జట్టులో కోచ్ అందరికీ సమానంగా అవకాశం ఇచ్చినా, మొత్తం 150 నిమిషాలలో ఒక్కొక్కరికి దక్కేది సుమారు గంటన్నర. డాలస్ నుంచి హ్యూస్టన్ దాదాపు 240 మైళ్ళు, మేము డాలస్‌కు ఇంకా ఉత్తరాన ఉన్నాం కనుక రానూపోనూ తొమ్మిది గంటలు కారులోనే గడుస్తుంది. ఆ గంటన్నర ఆట మా ఊరికి ఇరవై మైళ్ళ లోపల దొరకదా అంటే, డాలస్ చుట్టుపక్కల ఉన్నన్ని క్లబ్బులు చూస్తే తప్పకుండా దొరుకుతుంది.

కిందటి అక్టోబరులో హ్యూస్టన్ వెళ్ళాం. హ్యూస్టన్ శివారు కేటీలో మా బావమరిది ఇల్లు మైదానానికి పది నిమిషాల దూరం. అయినా నిర్వాహకులు చెప్పిన సంస్థ ద్వారానే హోటల్ గది తీసుకోవాలని, లేకపోతే జట్టును ఆడనివ్వరని ముందే నిబంధన పెట్టారు. వాన పడిన శనివారం రాత్రి వాడి ఆట బూట్లు, క్లీట్స్‌ను హోటల్లో జుట్టు ఆరబెట్టే యంత్రంతో ఆరబెడుతూ కూర్చున్నాను. గది అంతా తడి గడ్డి వాసన. మా ఆవిడ తెచ్చిన పులిహోర మంచం మీద కాగితం పరచుకొని తిన్నాం. మా ఆరేళ్ళ పాప రెండు రోజులూ గొడుగు కింద రంగుల పుస్తకంతోనే గడిపింది. ఆ ఆదివారం దాని తెలుగు తరగతి పోయింది. మరుసటి వారం "ఒత్తులు చెప్పిన రోజు నేను లేను కదా నాన్నా, అందుకే నాకు రావట్లేదు" అని అంది. గుంటూరు నుంచి ఆరు నెలల కోసం వచ్చిన మా అమ్మ మోకాళ్ళ నొప్పుల వల్ల అంతసేపు కారులో కూర్చోలేక, ఆ రెండు రోజులూ ఇంట్లో ఒక్కతే ఉంది. ఆరు నెలలంటే ఇరవై ఆరు వారాంతాలు, అంతే.

ప్లేనో అమ్మ:

మీ బాధ నాకు తెలుసు, కానీ మీ ముగింపుతో ఏకీభవించలేను. మా అమ్మాయికి పదహారేళ్ళు, దేశంలోని అగ్రశ్రేణి యువ క్లబ్బుల లీగ్ అయిన ఈసీఎన్‌ఎల్ జట్టులో ఆడుతోంది. పదేళ్ళ వయసు నుంచీ తిరుగుతూనే ఉన్నాం. పన్నెండు దాటాక చూద్దాంలే అని ఆగిన పిల్లలు జట్టు ఎంపిక పోటీలైన ట్రైఅవుట్స్‌కు వచ్చేసరికి జట్టులో ఒకటి రెండు స్థానాలకు మించి మిగిలి ఉండవు. అప్పటికే కలిసి ఆడుతున్న పిల్లలను కాదని కోచ్ కొత్తవాళ్ళను తీసుకోవడం అరుదు. ఇది న్యాయమని నేను అనడం లేదు, ఉన్న పరిస్థితి చెబుతున్నాను.

స్కాలర్‌షిప్ కోసమే తిరుగుతున్నామని మాత్రం ఎవరూ అనుకోవద్దు. 2025 వరకు అమెరికా కళాశాల క్రీడల సంఘం అయిన ఎన్‌సీఏఏ మొదటి డివిజన్‌లో పురుషుల జట్టు మొత్తానికి 9.9, మహిళల జట్టుకు 14 స్కాలర్‌షిప్‌లే అనుమతించేవారు, వాటినే ఇరవై ముప్ఫై మందికి ముక్కలుగా పంచేవారు. మేము ఖర్చు పెట్టిన డబ్బు ఆ దారిలో తిరిగి వస్తుందన్న ఆశ నాకు ఎన్నడూ లేదు. నాకు దక్కింది వేరు. ఇంట్లో ఉన్నప్పుడు గది తలుపు వేసుకొనే పిల్ల, కారులో మూడో గంటకు తనంతట తానే నోరు విప్పుతుంది. ఎనిమిదో తరగతిలో స్నేహితురాళ్ళు తనను దూరం పెట్టిన సంగతి నాకు మొదట తెలిసింది మ్యాడిసన్‌విల్ దగ్గర పెట్రోలు కోసం ఆగినప్పుడే. నాకు శస్త్రచికిత్స జరిగిన నెలలో మా అమ్మాయిని ఆటలకు తీసుకువెళ్ళి, తీసుకువచ్చి, అన్నం పెట్టింది జట్టులోని మరో తల్లి. ఇక్కడ మనకు పిన్నులూ అత్తలూ లేరు కదండీ, ఉన్నది వాళ్ళే.

ఖమ్మం స్టాపర్:

మీ ఇద్దరూ వదిలేసిన విషయం ఒకటి ఉంది. నేను ఖమ్మంలో హైస్కూలు జట్టుకు ఆడిన రోజుల్లో మా పీఈటీ సారు పదహారు మందిని ప్యాసింజర్ రైలులో వరంగల్ తీసుకువెళ్ళేవారు. మా నాన్న నా ఆట ఒక్కసారి కూడా చూడలేదు, ఆయన కొట్టు ఒక్క రోజూ మూతపడలేదు. ప్రయాణం జట్టుదిగా ఉండేది, కుటుంబానిది కాదు. ఇక్కడ బస్సు, డ్రైవరు, వంటమనిషి అన్నీ తల్లిదండ్రులే కావడం వల్ల దూరం ఇంత భారమవుతోంది. టెక్సస్‌లో హైస్కూలు జట్లు యూఐఎల్ (రాష్ట్ర పాఠశాలల పోటీల సంస్థ) పోటీలకు బడి బస్సులోనే వెళ్ళి వస్తాయి, అప్పుడు ఈ చర్చే ఉండదు.

మా జట్టులో నాలుగు కుటుంబాలం వంతులు వేసుకున్నాం. ఒక్కో టోర్నమెంటుకు ఇద్దరు పెద్దవాళ్ళు వెళతారు, మిగిలినవాళ్ళు ఇంటి దగ్గర ఉంటారు. పిల్లల క్రీడల్లో వేధింపులను అరికట్టడానికి 2018లో వచ్చిన సేఫ్‌స్పోర్ట్ చట్టం తర్వాత క్లబ్బులు ఈ విషయంలో జాగ్రత్తగా ఉంటున్నాయి. తమ బిడ్డ కాని ఒక్క పిల్లవాడితో ఒక్క పెద్ద మనిషి ఒంటరిగా ప్రయాణం చేయకూడదు. అందుకే కారులో ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు పిల్లలు ఉండేలా చూసుకుంటాం, తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా తీసుకుంటాం.

లబ్బక్ వాసి:

ఇరవై మైళ్ళలో ఆట దొరికే అదృష్టం డాలస్ వాళ్ళది. మా పాప వయసు జట్లు మా ఊళ్ళో నాలుగైదుకు మించి లేవు. తిరిగి తిరిగి వాళ్ళతోనే ఆడి విసిగిపోయి, నిరుడు ఆట మానేస్తానంది. అందుకే ఐదు గంటలు కారు నడిపి డాలస్ వస్తున్నాం. దూరం మానేయండి అనే నియమం పెడితే ముందుగా నష్టపోయేది మా పిల్లలే.

ఫ్రిస్కో తండ్రి:

లబ్బక్ వాసి గారు చెప్పింది ఒప్పుకుంటున్నాను. ఆట దొరకనివారికి ప్రయాణం తప్పదు. నా ప్రశ్న, చుట్టూ వందల జట్లు ఉండి కూడా తొమ్మిదేళ్ళ వాళ్ళను హ్యూస్టన్ పంపే క్లబ్బుల గురించి.

ప్లేనో అమ్మ గారూ, కారులో మాటల గురించి మీరు రాసింది నా మనసును తాకింది. అయినా ఆలస్యమైతే స్థానాలు నిండిపోతాయన్నది పెద్దలు పెట్టుకున్న పద్ధతే కాని ఆటకు సహజమైనది కాదు. నార్వేలో 1987 నుంచే పిల్లల క్రీడలకు ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి. పదకొండేళ్ళ లోపు పిల్లలకు పాయింట్ల పట్టికలు, ర్యాంకులు ఉండవు, చిన్నవాళ్ళు సొంత ఊళ్ళోనూ దగ్గరి ఊళ్ళలోనూ ఆడుకుంటారు. నార్వే స్ట్రైకర్ ఎర్లింగ్ హాలండ్ పదహారేళ్ళ దాకా బ్రీనె అనే చిన్న పట్టణంలోని క్లబ్బులోనే ఆడాడు. ఆ దేశం 1998 తర్వాత మళ్ళీ 2026 ప్రపంచ కప్‌కు అర్హత సాధించింది. చిన్నప్పుడు ఊరు దాటకపోవడం వాళ్ళ ఆటను చెడగొట్టలేదు.

ఈ రోజు కోచ్‌కు రాశాను. ఈ సీజన్‌లో హ్యూస్టన్‌కు ఒక్కసారి వస్తామని, మిగిలిన రెండు దూరపు టోర్నమెంట్లకు బదులు డాలస్ చుట్టుపక్కలవి చూడమని అడిగాను. జట్టులో మరో ముగ్గురు తండ్రులు కూడా ఇదే అడగబోతున్నట్టు తెలిసింది. ఖమ్మం స్టాపర్ గారూ, మీరు వాడే అనుమతి పత్రం నమూనా ఇక్కడ పెట్టగలరా? ఆ ఒక్క ప్రయాణానికైనా మా పాప ఆదివారం తరగతి పోకుండా, మా అమ్మ ఇంట్లో ఒంటరిగా ఉండకుండా చూసుకోవాలి.