కారు పంచుకుని ఉద్యోగానికి వెళ్లేవారికి అత్యవసరంలో ఇల్లు చేరే ఏర్పాటు ఎలా?

ప్రశ్న: ముమ్మిడివరం ప్రయాణికుడు

మేము నలుగురం ముమ్మిడివరం, మురమళ్ల ప్రాంతాల నుంచి కాకినాడలోని ఒకే సంస్థకు, పెట్రోలు ఖర్చు పంచుకుంటూ ఒక కారులో వెళ్లి వస్తున్నాము. అదే దారిలో ఎదుర్లంక వంతెన మీదుగా తలా ఒక మోటారు సైకిలు మీద వచ్చే సహోద్యోగులను కూడా కలవమని అడిగితే, ఖర్చు తగ్గుతుందని ఒప్పుకుంటూనే వెనకాడుతున్నారు. మధ్యాహ్నం బడి నుంచి పిల్లవాడికి జ్వరమని ఫోను వస్తే సాయంత్రం దాకా కూర్చోవలసిందేనా, కారు గల ఆయన ఆఫీసులో ఉండిపోతే మా సంగతేమిటి అన్నది వారి సందేహం. అది సబబే. విదేశాల్లో ఇటువంటి వేళ ఉద్యోగిని ఉచితంగా ఇంటికి చేర్చే పథకాలు ఉన్నాయని విన్నాను. అవి ఎలా నడుస్తాయో, మా యాజమాన్యానికి ఇచ్చే ప్రతిపాదనలో ఏమేమి రాయాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: తణుకు వాస్తవ్యుడు

అమెరికాలో దీనిని ఎమర్జెన్సీ రైడ్ హోమ్ అనీ, గ్యారంటీడ్ రైడ్ హోమ్ అనీ అంటారండి. కారులో ఒంటరిగా కాకుండా నలుగురితో కలిసి గానీ, బస్సులో, రైల్లో గానీ, సైకిలు మీద, నడిచి గానీ పనికి వచ్చేవారికి, అనుకోని అవసరం పడిన రోజున టాక్సీయో అద్దె కారో ఏర్పాటు చేస్తారు, లేదా రసీదు చూపితే ఆ కిరాయి తిరిగి ఇస్తారు. వాషింగ్టన్ నగర పరిసరాల్లో కమ్యూటర్ కనెక్షన్స్ అనే సంస్థ నడిపే పథకంలో, వారానికి కనీసం రెండు రోజులు అలా వచ్చేవారు పేరు నమోదు చేసుకుంటే ఏడాదికి నాలుగు సార్ల వరకు వాడుకోవచ్చు. ఒంట్లో బాగోలేకపోవడం, ఇంట్లో ఆపద, ముందుగా చెప్పని అదనపు పని వంటివి చెల్లుతాయి. ముందే అనుకున్న డాక్టరు అపాయింట్‌మెంటు, సొంత పనులు చెల్లవు. యాజమాన్యం ఖర్చుకు భయపడితే ఒక మాట చెప్పండి: ఇది బీమా వంటిది, పేరు రాయించుకున్నవారిలో చాలామందికి దానిని వాడే అవసరమే రాదు. అది ఉందన్న ధైర్యంతోనే వాళ్లు సొంత బండి ఇంట్లో వదిలి వస్తారు.

జవాబు: భీమవరం షిఫ్టు సూపర్‌వైజరు

పై వివరాలు బాగున్నాయి గానీ, రసీదు చూపితే తరువాత ఇస్తామన్న పద్ధతి మన దగ్గర పనికి రాదని నా అభిప్రాయం. రొయ్యల ప్రాసెసింగు ప్లాంటులో పనిచేసే ఆడవాళ్లు చేతిలో కిరాయి డబ్బులు లేకనే కదా సర్వీసు ఆటో కోసం ఎదురుచూసేది! వారి చేత ముందు పెట్టించి నెలాఖరున ఇస్తామంటే అది ఏర్పాటు అనిపించుకోదు. సంస్థే కార్ల స్టాండులో ఒకరిద్దరు డ్రైవర్లతో ముందుగా మాట్లాడుకుని, ఊరి వారీగా కిరాయి రాసి ఉంచుకోవాలి. వెళ్లేది ఒక వైపే అయినా ఖాళీగా తిరిగి రావాలి కాబట్టి డ్రైవరు రానూ పోనూ లెక్కే అడుగుతాడు, ఆ బేరం కంగారులో ఉన్న మనిషి చేయకూడదు. కారు పసుపు నంబరు ప్లేటుదే అయి ఉండాలి. తెల్ల ప్లేటు కారు కిరాయికి తిరగడం చట్టవిరుద్ధం, దారిలో ఏదైనా జరిగితే బీమా కంపెనీ తప్పుకోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం, ఎవరు సరే అనాలి అన్నది. కారణం చెప్పలేక కడుపునొప్పితో సాయంత్రం దాకా కూర్చున్నవాళ్లను చూశాను. కారణం అడగకుండా గేటు దగ్గర పుస్తకంలో సంతకం చేసి కారెక్కేలా ఉండాలి. దుర్వినియోగాన్ని ఆపడానికి ఏడాదికి ఇన్ని సార్లన్న పరిమితి చాలు. బస్సులో వచ్చేవారినీ కలపండి. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్ర మహిళలకు టికెట్టు డబ్బులు లేవు, కాని ఉచిత ప్రయాణం ఉన్నంత మాత్రాన వేళ కాని వేళ బస్సు రాదు కదా.

జవాబు: సఖినేటిపల్లి రేవు

మా వైపు సంగతి కూడా కలపండి. నరసాపురంలో పనిచేసే మేము గోదావరి పాయ వశిష్ఠ దాటడానికి పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద ఆధారపడతాము. రాత్రి పొద్దుపోయాక పంటు ఉండదు, వరద రోజుల్లో పగలు కూడా ఆపేస్తారు. అప్పుడు ఎదురుగా కనిపించే ఊరికి పాలకొల్లు, చించినాడ వంతెన, దిండి, మలికిపురం చుట్టి రావాలి. కాబట్టి కిరాయి పట్టికను మామూలు దారిని బట్టి రాస్తే సరిపోదు, రేవు మూసిన రోజు దారికి వేరుగా రాయాలి. అమెరికా పథకాల్లో వాతావరణం బాగాలేక అందరూ ఇళ్లకు వెళ్లవలసిన రోజును సాధారణంగా మినహాయిస్తారని చదివాను. ఇక్కడ వరదను అలా మినహాయిస్తే మా వంటివారికి ఆ పథకం ఎందుకూ కొరగాదు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. ఒక సందేహం మిగిలింది. ఉద్యోగికే గుండెనొప్పి వంటిది వస్తే ఈ కారునే పిలవాలా?

భీమవరం షిఫ్టు సూపర్‌వైజరు:

వద్దండి. అది 108 పని. ఈ కారు ఇంటికి చేర్చడానికే. ఆసుపత్రికి తీసుకువెళ్లవలసిన మనిషిని టాక్సీ డ్రైవరు చేతిలో పెట్టకూడదు. ఆ వాక్యాన్ని ప్రతిపాదనలో విడిగా రాసి, స్టాండు డ్రైవరు ఫోను నంబరు పక్కనే 108 కూడా గేటు దగ్గర అతికించమనండి.