1965 బీటిల్: ఒకదానికి 90, ఇంకోదానికి 55 అడుగుతున్నారు. న్యాయమైన ధర ఎలా తేల్చాలి?

కొత్తస్టీరింగ్

1965 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కోసం వెతుకుతూ రెండు బండ్ల దగ్గర ఆగాను. మొదటిదానికి కొత్త పెయింట్, కొత్త సీట్లు, క్రోమ్ తళతళలాడుతోంది. పూర్తిగా రిస్టోర్ చేయించామని బిల్లుల కట్ట చూపిస్తున్నారు. రెండోదానిది వెలిసిపోయిన పాత పెయింటే, ఒక సీటు చిరిగింది, కానీ నడుస్తోంది. ఈ మోడల్‌లో అన్నివిధాలా బాగున్న బండి ధర 100 అనుకుంటే మొదటిదానికి 90, రెండోదానికి 55 అడుగుతున్నారు. ప్రకటనల్లో 40 నుంచి 130 దాకా కనిపిస్తున్నాయి, ఏది పట్టుకోవాలో తెలియడం లేదు. నాకు నడుపుకోవడానికే కావాలి, ప్రదర్శనలకు కాదు. ఏం చూడాలి, ధర ఎలా కట్టాలి?

తూకంరాయి

ముందు ప్రకటనల ధరలు పక్కన పెట్టేయండి. అవి అమ్మేవాళ్ల ఆశలు, అంతే. మీకు కావాల్సింది నిజంగా అమ్ముడుపోయిన ధరలు. వేలం ఫలితాలు దొరికితే ఒక జాగ్రత్త: కొన్నిచోట్ల సుత్తి పడ్డ ధర మాత్రమే రాస్తారు, కొన్నిచోట్ల కొన్నవాళ్లు వేలం సంస్థకు కట్టే కమిషన్ కూడా కలిపి రాస్తారు. రెండూ కలగలిపితే లెక్క తప్పుతుంది. గత ఏడాది, ఏడాదిన్నరలో అమ్ముడైన ఐదారు బండ్లు చాలు. అదే బాడీ, దగ్గర సంవత్సరాల మోడళ్లు ఉండాలి; మడిచే టాపున్న కన్వర్టిబుల్ ధర గట్టి టాపున్న సెలూన్‌కు పనికిరాదు. అన్నిటికంటే ఎక్కువదీ తక్కువదీ తీసేసి మిగతావి చూడండి.

రెండోది, ఆ బిల్లుల కట్ట. బిల్లులు పని జరిగిందని చెబుతాయి, బండి విలువ చెప్పవు. మామూలు బీటిల్‌ను పూర్తిగా రిస్టోర్ చేస్తే అయ్యే ఖర్చు చాలాసార్లు తయారైన బండి ధరను దాటిపోతుంది. అందుకే "నాకు ఇంత ఖర్చయింది" అన్నది బేరంలో లెక్కలోకి రాదు. బిల్లులకంటే ఫోటోలు అడగండి: పెయింట్‌కు ముందు, పాత పూత గీకేసి ఇనుము బయటపడ్డప్పటివి. అవి లేని రిస్టోరేషన్‌ను నేను పెయింట్ పని కిందే లెక్కగడతాను.

మూడోది చాలామంది తప్పుచేసే చోటు. నడుపుకునే బండికి 100 నుంచి తీసివేతలు మొదలుపెట్టకూడదు. బాగా నడుస్తూ, చూడటానికి మామూలుగా ఉన్న బండి అమ్ముడుపోయిన ధరను ఆధారంగా పెట్టుకోండి. అది 65 అనుకుందాం. వెలిసిన పెయింట్, చిరిగిన సీటు ఆ 65లోనే ఉన్నాయి, వాటికి మళ్లీ తగ్గిస్తే రెండుసార్లు తగ్గించినట్టు. ఆ స్థాయి బండికి ఉండకూడని లోపాలను బాగుచేయించే ఖర్చులే తీసివేయాలి. తీసేముందు ఆ ఖర్చుల మొత్తానికి ఇంకో 30 శాతం కలపండి. పాత బండిలో ఒక బోల్టు విప్పబోతే ఇంకోటి విరుగుతుంది కాబట్టి ఆ 30 శాతం ఎక్కువేమీ కాదు.

తుప్పువేట

బీటిల్ ధరలో సగం పైన బాడీయే. ఇంజిన్ ఎక్కడైనా దొరుకుతుంది, నాలుగు బోల్టులు విప్పితే కిందికి దిగుతుంది. కుళ్లిన బాడీ అలా కాదు.

తలుపుల కింద పొడవునా పోయే హీటర్ ఛానళ్లు మొదట చూడండి. ఇంజిన్ వేడిగాలి ముందుకు వెళ్లేది వీటిలోంచే, బాడీ గట్టిదనం కూడా వీటి మీదే ఆధారపడుతుంది. లోపల చెమ్మ చేరి లోపలినుంచే తుప్పు తింటుంది, పైకి తెలియదు. పరీక్ష చాలా తేలిక: బండి కింద జాకీ పెట్టే చోట ఎత్తి, అటువైపు తలుపు తీసి వేయండి. తలుపు పట్టేసినా, సందు పైన ఒకలా కింద ఒకలా మారినా ఛానల్ పోయినట్టే. సరిగ్గా మార్చాలంటే బాడీని కింది ఫ్లోర్ నుంచి విడదీయాలి, ఆ తర్వాత పెయింట్ తప్పదు. అతి పెద్ద ఖర్చు ఇదే.

తర్వాత వెనక సీటు లేపండి. కుడివైపు బ్యాటరీ ఉంటుంది, యాసిడ్ పడి దాని కింద ఫ్లోర్ తినేస్తుంది. అరచేతి అంత అయితే ముక్క వేసి వెల్డింగ్ చేయొచ్చు, భయపడనక్కర్లేదు. ముందు బూట్‌లో స్పేర్ వీల్ గుంట అడుగు చూడండి. బండి కిందకి దూరి, ముందు యాక్సిల్ బోల్టులు పట్టే ఫ్రేమ్ హెడ్‌ను స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, కుళ్లింది డొల్లగా పలుకుతుంది. అడుగంతా కొత్త నల్ల అండర్‌కోటింగ్ పూసి ఉంటే తుప్పును కప్పేశారేమోనని అనుమానం ఇంకా పెరగాలి.

తుప్పూ సొట్టలూ కప్పడానికి పెయింట్ కింద పెట్టిన పుట్టీని పట్టుకోవడానికి పెయింట్ మందం కొలిచే మీటర్ దొరికితే మంచిది. పాత కంపెనీ పెయింట్ సుమారు 80 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. ఒకసారి మళ్లీ వేయిస్తే 200, 300 అవుతుంది. ఒకచోట 250, పక్కనే 900 వస్తే అక్కడ పుట్టీ ఉంది. మీటర్ లేకపోతే చిన్న అయస్కాంతానికి పల్చని గుడ్డ చుట్టి ఫెండర్ల కింది అంచులు, తలుపుల కింది భాగం, హెడ్‌లైట్ల చుట్టూ పెట్టి చూడండి, నిలవకపోతే అక్కడ పుట్టీ ఉన్నట్టు. మీ మొదటి బండి పైన పటారం లోన లొటారం అయితే అది అక్కడే తెలిసిపోతుంది.

గ్రీజుచేతులు

ఇంజిన్ సంగతి. ఆపి ఉన్నప్పుడు వెనక కింది పుల్లీని రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగండి. క్రాంక్ ఎండ్‌ప్లే, అంటే క్రాంక్‌షాఫ్ట్ ముందుకీ వెనక్కీ కదిలే సందు, 0.07 నుంచి 0.13 మి.మీ. మధ్య ఉండాలి, 0.15 దాటితే అరిగినట్టు. దాన్ని కొలిచే డయల్ గేజ్ లేకపోయినా పర్వాలేదు. చేతికి "టక్" అని తగిలితే ఇంజిన్ మొత్తం విప్పాలి, కేస్ (ఇంజిన్ బయటి పెట్టె) కూడా మెషిన్ చేయించాల్సి రావొచ్చు.

వేడెక్కిన ఇంజిన్‌లో నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఒక్కో సిలిండర్ కంప్రెషన్ (లోపల గాలిని నొక్కే ఒత్తిడి) గేజ్‌తో చూడండి. 1200 సీసీ ఇంజిన్‌లో 100 పీఎస్ఐ పైన ఉంటే సంతోషం. అంకె కంటే నాలుగూ దగ్గరదగ్గరగా ఉండటం ముఖ్యం. ఇది 6 వోల్టుల బండి, బ్యాటరీ నీరసంగా ఉంటే స్టార్టర్ మెల్లగా తిప్పి నాలుగూ తక్కువే చూపిస్తాయి. మూడో సిలిండర్ మీద ప్రత్యేకంగా కన్నేయండి. ఆయిల్ కూలర్ ఫ్యాన్ హౌసింగ్‌లో సరిగ్గా దాని పైనే ఉండి గాలికి అడ్డుపడుతుంది, అందుకే ఆ సిలిండర్ ఎక్కువ వేడెక్కి ఎగ్జాస్ట్ వాల్వ్ ముందు పోతుంది.

ముందు చక్రం లేపి పైనా కిందా పట్టి ఊపండి. ఆట (వదులు) ఉంటే ఒకరిని బ్రేక్ తొక్కమనండి. ఆట పోతే బేరింగ్, ఉంటే ముందు చక్రాన్ని యాక్సిల్‌కు కలిపే కింగ్‌పిన్, లింక్‌పిన్. 1965 వరకు బీటిల్‌కు ఈ పిన్నులే, గ్రీజు కొట్టకపోతే త్వరగా అరుగుతాయి.

నడిపేటప్పుడు రెండో గేర్‌లో వేగం పెంచి ఒక్కసారిగా కాలు తీయండి. గేర్ దానంతటదే జారితే గేర్‌బాక్స్ పని ఉంది. టైర్ల మీద నాలుగంకెల తేదీ చూడండి, 2318 అంటే 2018లో 23వ వారం. పదేళ్లు దాటితే గాట్లు ఎంత లోతుగా ఉన్నా కొత్త టైర్ల ఖర్చు రాసుకోండి. పెట్రోల్ రబ్బరు గొట్టాలు ఎంత బాగున్నా కొన్న రోజే మార్చేయండి, బీటిళ్లలో మంటలకు పెద్ద కారణం అదే.

నంబరుపలక

ఒరిజినాలిటీ, అంటే బండి కంపెనీ నుంచి వచ్చినట్టే ఉందా అన్నదాని గురించి ఎవరూ చెప్పలేదు. ఛాసిస్ నంబర్ వెనక సీటు కింద, ఫ్లోర్ మధ్యలో పొడవునా ఉబ్బెత్తుగా ఉండే టన్నెల్ మీద కొట్టి ఉంటుంది. 1965 మోడల్ అయితే 115తో మొదలై తొమ్మిదంకెలు ఉండాలి. మూడో అంకె 5 అంటే మోడల్ సంవత్సరం. ముందు బూట్‌లోని ప్లేటుతోనూ కాగితాలతోనూ అంకె అంకె పోల్చండి. టన్నెల్ మీద నంబర్ చుట్టూ గ్రైండింగ్ గీతలో వెల్డింగో ఉంటే ధర గురించి మాట్లాడకుండా వచ్చేయండి.

ఇంజిన్ నంబర్ జనరేటర్ స్టాండ్ కింద, కేస్ మీద ఉంటుంది. F అక్షరంతో మొదలైతే అది 1965 ఆగస్టు నుంచి వచ్చిన 1300 ఇంజిన్, అంటే మార్చారు. దానికి 65లోంచి 5 అయినా తగ్గించాలి.

గ్రీజుచేతులు

@నంబరుపలక గారూ, ప్రదర్శన బండికైతే ఒప్పుకుంటాను. ఈయన నడుపుకునేవారు. మంచి 1300 ఉంటే ఎత్తులు ఎక్కడం తేలికవుతుంది, తగ్గించడం దేనికి?

నంబరుపలక

నడపడానికి మేలే. కానీ రేపు అమ్మేటప్పుడు కొనేవాళ్లు తగ్గిస్తారు. కొనేటప్పుడే ఆ తేడా తీసుకోవాలి అంటున్నాను.

కొత్తస్టీరింగ్

రెండూ చూసి వచ్చాను. మొదటిది: జాకీ ఎత్తగానే కుడి తలుపు పట్టేసింది, రెండు తలుపుల కిందా అయస్కాంతం నిలవలేదు, ఇంజిన్ నంబర్ F. పెయింట్‌కు ముందు ఫోటోలు లేవన్నారు. రెండోది: ఛానళ్లు గట్టిగా ఉన్నాయి, బ్యాటరీ కింద అరచేతి అంత రంధ్రం, నంబర్లు సరిపోయాయి, పుల్లీ టక్‌మనలేదు. కంప్రెషన్ వరసగా 105, 102, 84, 103. కింగ్‌పిన్నుల్లో ఆట ఉంది, ఒక చక్రం దగ్గర బ్రేక్ ఆయిల్ కారుతోంది, టైర్లు 2011వి.

గ్రీజుచేతులు

మూడో సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ వేసి మళ్లీ కొలవండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వ్. ముందు ట్యాపెట్ గ్యాప్ (వాల్వ్ దగ్గర వదలాల్సిన చిన్న సందు) చూడండి, గ్యాప్ లేకపోతే సర్దితేనే సరిపోవచ్చు. లెక్కకు మాత్రం ఆ వైపు హెడ్ (వాల్వులుండే సిలిండర్ మూత) పని రాసుకోండి.

తూకంరాయి

రెండోదానికి లెక్క: ఫ్లోర్ ముక్క 3, పిన్నులు 4, బ్రేకులు 3, టైర్లు 3, హెడ్ 4. మొత్తం 17, దానికి 30 శాతం కలిపితే 22. 65 నుంచి తీస్తే 43. ఈ అంకెలు నా అంచనా. మీరు చేయించబోయే మెకానిక్ దగ్గర పని పనికీ ధర అడిగి మార్చుకోండి. 40 దగ్గర మొదలుపెట్టండి. కంపెనీ పెయింట్, సరిపోయిన నంబర్లు మళ్లీ కొనలేనివి కాబట్టి 47 వరకు వెళ్లినా నేను తప్పనను. అక్కడితో ఆగండి.

మొదటిదానికి కుడి ఛానల్ పోయింది, ఎడమది కూడా నమ్మలేం. బాడీ లేపాలి, ఆ మెరిసే పెయింట్ మళ్లీ గీకాలి. దాన్ని 40కి ఇస్తామన్నా రెండోదానికంటే ఖరీదే అవుతుంది.

తుప్పువేట

బేరానికి వెళ్లేటప్పుడు ఆ జాబితా కాగితం మీద రాసి చేతికివ్వండి. చిరిగిన సీటు అందులో రాయకండి, అది 65లోనే ఉంది. అది కూడా చూపించి తగ్గించమంటే మిగతా జాబితాను కూడా అమ్మేవాళ్లు నమ్మరు.