అప్‌డేట్: గ్రీకు పాఠాల్లో వెతుకులాట ఇప్పుడు పనిచేస్తోంది

ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద నడుపుకుంటున్న ఆది క్రైస్తవ రచనల లైబ్రరీలో 'లోగోస్' (వాక్కు) అని గ్రీకులో వెతికితే, కొన్ని పుస్తకాల్లో కళ్ల ముందే ఉన్నా దొరకడం లేదని అడిగాను కదండీ. కారణం తెలిసింది. స్వరచిహ్నం ఉన్న ఆ 'ఓ' అక్షరానికి యూనికోడ్‌లో (కంప్యూటర్లలో ఒక్కో అక్షరానికి ఒక్కో సంఖ్య ఇచ్చే పద్ధతి) రెండు కోడ్‌లున్నాయి. చూడ్డానికి ఒకటే, కంప్యూటర్‌కు మాత్రం వేర్వేరు!

మీలో ఒకరు చెప్పినట్టే పాఠాన్ని ఎన్‌ఎఫ్‌డీ రూపంలోకి, అంటే అక్షరాన్నీ దాని చిహ్నాన్నీ విడదీసి రాసే రూపంలోకి మార్చి, స్వరచిహ్నాలు తీసేసి, వెతుకులాటకు వాడే ఇండెక్స్ మళ్లీ కట్టాను. వెతికే మాటకూ అదే మార్పు చేయాలి. ఇది తట్టక ఒక సాయంత్రమంతా పోయింది. మూల ఫైళ్లను మాత్రం ముట్టుకోలేదు, వాటిలో చిహ్నాలు అలాగే ఉండాలి.

కరెంటు పోయినప్పుడల్లా మెమరీ కార్డు పాడవుతుందన్న టెన్షన్ కూడా తగ్గింది. కార్డు బదులు ఎస్‌ఎస్‌డీ డ్రైవ్‌కి మారి, చిన్న యూపీఎస్ పెట్టాను.

నిన్న రాత్రి మొదట వెతికింది 'డిడాకే' అనే ఆది క్రైస్తవ బోధనల పుస్తకం. 1056 నాటి దాని రాతప్రతి 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో గ్రీకు ఆర్థోడాక్స్ మతాధికారి బ్రియెన్నియోస్‌కు దొరికింది. "రెండు మార్గాలున్నాయి" అనే దాని మొదటి వాక్యం, చిహ్నాలేమీ లేకుండా టైప్ చేసినా, వెంటనే వచ్చింది. చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయాను. సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలండీ.