1951 జనాభా లెక్కల్లో ఇంటింటి వివరాలు చూసే హక్కు: ఎక్కడ మొదలుపెట్టాలి?

దివితాలూకా: కృష్ణా జిల్లా పాత దివి తాలూకా ఊళ్ల కుటుంబ చరిత్రలకు 1951 నాటి ఇంటింటి వివరాలు కావాలి. జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్‌లో ఊరి మొత్తం అంకెలే ఉన్నాయి. పాత లెక్కలను జనానికి తెరవాలని సంతకాలు సేకరిద్దామనుకుంటున్నాం. ముందు వినతిపత్రమా, ఆర్టీఐయా? ఎవరికి పంపాలి?

రికార్డురూమ్: సంతకాలు తర్వాతండీ. ముందు కాగితం మిగిలి ఉందో లేదో తేల్చండి. 1951లో మనిషికో స్లిప్పు రాశారు. స్లిప్పుల మీద ఆశ పెట్టుకోకండి, పట్టికలు కట్టాక వాటిని దాచరు. ఆ వివరాలనే ఊరివారీగా, ఇంటివారీగా ఎక్కించిన పుస్తకం వేరే ఉంది: నేషనల్ రిజిస్టర్ ఆఫ్ సిటిజన్స్. వెతకాల్సింది దాన్ని.

"మా తాతగారి వివరాలివ్వండి" అని అడిగితే 1948 సెన్సస్ చట్టం సెక్షన్ 15 (లెక్కల పుస్తకాలు చూసే హక్కు ఎవరికీ లేదనేది) చూపించి ఒక్క ముక్కలో తిప్పిపంపుతారు. మనిషి గురించి కాకుండా దస్త్రం గురించి అడగండి: ఫలానా తాలూకా 1951 రిజిస్టర్లు మీ ఆధీనంలో ఉన్నాయా, ఎన్ని సంపుటాలు, ఆర్కైవ్స్‌కు పంపితే ఏ తేదీన, తీసేస్తే ఏ ఉత్తర్వు మీద. వీటికి సెక్షన్ 15 అడ్డం రాదు.

రెండు దరఖాస్తులు విడివిడిగా వెయ్యండి. ఒకటి జనగణన చూసే ఢిల్లీలోని రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయానికి, కేంద్ర ఆర్టీఐ పోర్టల్‌లో. ఫీజు 10 రూపాయలు, ప్రశ్న 3,000 అక్షరాలు దాటితే పీడీఎఫ్ జతచెయ్యాలి. రెండోది మచిలీపట్నం కలెక్టరేట్‌కు, రాష్ట్ర నిబంధనల కింద. రెండూ ఒకే కాగితంలో కలిపితే బదిలీల్లోనే నెల గడిచిపోతుంది. అప్పట్లో కృష్ణా జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉంది కదా, చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ కేటలాగు కూడా చూడండి. నల్లగొండో వరంగలో అయితే హైదరాబాదు రాష్ట్ర దస్త్రాలు, అంటే హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్.

పాతదస్త్రం: పైదానికి ఒక ముక్క. "దొరకడం లేదు" అన్న జవాబుతో ఆగిపోకండి. ఆర్టీఐ చట్టంలో మినహాయింపులన్నీ సెక్షన్ 8, 9లలో రాసి ఉన్నాయి, "దొరకలేదు" అన్నది వాటిలో లేదు. 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేసి, ఏ గదుల్లో, ఏ రిజిస్టర్ ఆధారంగా వెతికారో అడగండి. "ధ్వంసం చేశాం" అంటే అది వేరే సంగతి, దానికి జాబితా చూపాలి. కేంద్ర కార్యాలయాలకు 1993 పబ్లిక్ రికార్డుల చట్టం వర్తిస్తుంది: ఇష్టమొచ్చినట్టు పారేయడానికి వీల్లేదు. కలెక్టరేట్ దస్త్రాలకు ఆ చట్టం రాదు.

సెక్షన్15: ఉద్యమం సంగతికొస్తే, వినతిపత్రం రాసేవాళ్లు ఎక్కువగా తప్పేది ఒక్కచోటే: సెక్షన్ 15 మొత్తం ఎత్తెయ్యమంటారు. అందులో రెండు ముక్కలున్నాయి. ఒకటి, ఎవరికీ చూసే హక్కు లేదు. రెండు, అందులోని నమోదు సివిల్ కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. రెండోదాని జోలికెళ్తే "భూమి తగాదాలన్నీ దీని మీదికొస్తాయి" అనే భయం పుడుతుంది, అక్కడితో బిల్లు అటకెక్కుతుంది. మొదటిదానికి మాత్రం గడువు పెట్టమనండి.

గడువు ఎంతన్నది మీరే తేల్చుకోవాలి. అమెరికా 72 ఏళ్లు, కెనడా 92, బ్రిటన్ 100. 72 అంటే 1951వి ఇప్పటికే తెరుచుకోవాలి, 92 అంటే 2043. బ్రిటన్ 1911 లెక్కల కథ పనికొస్తుంది: సమాచార హక్కు కింద అడిగితే ముందు కాదన్నారు, 2006లో సమాచార కమిషనర్ అడిగినవారి పక్షాన తీర్పిచ్చారు, 2009లో ఆన్‌లైన్‌కొచ్చాయి. వైకల్యాల గడిని మాత్రం 2012 దాకా కప్పి ఉంచారు. మన దగ్గర కులం గడికి అలాంటి ముసుగు ముందే ప్రతిపాదిస్తే సగం అభ్యంతరాలు పోతాయి. బ్రిటన్ 1921వాటికి ఈ దారి పనిచెయ్యలేదు, ఎందుకంటే అవి అక్కడి 1920 సెన్సస్ చట్టం కింద తీసినవి, బయటపెడితే నేరం. 100 ఏళ్లు ఆగాల్సొచ్చింది.

జనగణన రాజ్యాంగంలోని కేంద్ర జాబితాలో 69వ అంశం. అసెంబ్లీ తీర్మానంతో ఊపు వస్తుందేమో గానీ సవరణ పార్లమెంటే చెయ్యాలి. ఎంపీని పట్టుకోండి.

దివితాలూకా: ఆర్టీఐ 8(3) ప్రకారం 20 ఏళ్లు దాటితే ఇవ్వాలి కదా? అది చాలదా?

సెక్షన్15: 8(3) వ్యక్తిగత సమాచారం అన్న 8(1)(జె) అడ్డును తీసేస్తుంది, అంతవరకే. సెన్సస్ చట్టం అడ్డు అలాగే ఉంటుంది. దానికి సెక్షన్ 22 వాడాలి: వేరే చట్టాలతో పొసగకపోయినా ఆర్టీఐదే పైచేయి అని అందులో ఉంది. సెన్సస్‌ది ప్రత్యేక చట్టమని వాళ్లు ఎదురు వాదిస్తారు. అందుకే 8(3), 22 రెండూ మొదటి అప్పీలులోనే రాసిపెట్టండి, రెండో అప్పీలుకు సమాచార కమిషన్ ముందుకు వెళ్లినప్పుడు కొత్తగా తెచ్చారనే మాట రాదు.